అదే పాట... మళ్లీ అలాగేనా?

మార్చి పాడితే 'అసలు పాటలా లేదు' అంటారు. ఉన్నదున్నట్టు పాడితే 'ఈమాత్రం ఫోన్లో వినలేమా' అంటారు. ఊరూరా తిరిగి కచేరీలు చేసే సంగీత బృందాలకు ఇదో తెగని తగవు. వేలకు వేలు పోసి టిక్కెట్లు కొనే కుటుంబాలకూ సంబంధమున్న తగవే!

హఫీజ్‌పేట్‌ ఎంఎంటీఎస్‌ స్టేషన్లో నిల్చుంటే అటొక లోకం, ఇటొక లోకం. అటు ఒక్క స్టేషన్‌ వెళ్తే హైటెక్‌ సిటీ. అద్దాల మేడలు, మెళ్లో ఐడీ కార్డులు, దాపుల్లోనే హైటెక్స్‌ మైదానం, ఇంకాస్త ముందుకెళ్తే గచ్చిబౌలి స్టేడియం. పేరున్న గాయకులూ సంగీత దర్శకులూ వేలమంది ముందు పాడాలని హైదరాబాద్‌ వస్తే చాలాసార్లు వాలేది ఆ చుట్టుపక్కలే. ఇటు చందానగర్‌ దాటి రెండో స్టేషన్లో దిగితే లింగంపల్లి. అక్కడుంది సురభి కాలనీ. తరతరాలుగా ఊళ్లు తిరుగుతూ నాటకాలాడిన కుటుంబాలు చివరికి గూడు కట్టుకున్న చోటు.

చూడబోతే ఇద్దరూ టూర్లు చేసేవాళ్లే. ఒకరు విమానం దిగి, ఒక్క రాత్రి పాడి, తెల్లారేసరికి మరో నగరానికి వెళ్లిపోతారు. మరొకరు తెరలూ కిరీటాలూ పెట్టెలకెత్తుకుని వచ్చి ఊళ్లో నెలల తరబడి మకాం వేసేవారు. 'నిన్న చూపించిందే ఇవాళా చూపించాలా, మార్చాలా?' అన్న ప్రశ్నకు వీళ్లిద్దరి జవాబులూ వేరు. ఎందుకు వేరయ్యాయో తెలిస్తే సగం తగవు తీరినట్టే.

ముందు ఆ తగవేమిటో చూద్దాం. కచేరీ ముగిసి జనం బయటపడేసరికి రాత్రి పదిన్నర. కొత్తగూడ, కొండాపూర్‌ మీదుగా హఫీజ్‌పేట్‌ వైపు కార్లు బారులు తీరతాయి. ఏ కారులో చెవి పెట్టినా దాదాపు ఒకటే గొడవ. 'పల్లవి అంత సాగదీశాడేంటి? మనం వినే పాట అది కాదు' అని నాన్న. 'అదే కదా బాగుంది!' అని కాలేజీకెళ్లే అమ్మాయి. 'నా పాట అసలు పాడనేలేదు' అని వెనక సీట్లోంచి అమ్మ. ముగ్గురిదీ ఒకే రేటు టిక్కెట్టు. ముగ్గురిలో ఎవరి మాటా కొట్టిపారేయలేం.

చెవిలో గడియారం

పెద్ద వేదికల మీద పాట మారకపోవడానికి గాయకుడి బద్ధకమే కారణమనుకుంటే పొరపాటు. వాద్యకారుల చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు గమనించే ఉంటారు. వాటిలో పాటతో పాటు 'టిక్‌ టిక్‌' మంటూ తాళం వినపడుతుంటుంది. దాన్ని క్లిక్‌ ట్రాక్‌ అంటారు. డ్రమ్స్‌ వాయించే మనిషి దాన్ని పట్టుకుని నడుస్తాడు. మిగతావాళ్లు అతన్ని పట్టుకుని నడుస్తారు. వేదిక మీద కనిపించని వయొలిన్లు, కోరస్‌ గొంతులు కూడా ఒక్కోసారి వినిపిస్తుంటాయి కదా... అవి స్టూడియోలో ముందే రికార్డు చేసి తెచ్చుకున్నవి. అవీ ఆ క్లిక్‌తో పాటే వస్తాయి. వెనకాల ఎల్‌ఈడీ తెర మీది బొమ్మలు, రంగులు మార్చే లైట్లు, ఎగసిపడే నిప్పురవ్వలు... చాలా బృందాలు వీటన్నిటినీ ఆ గడియారానికే కట్టేస్తాయి.

ఇప్పుడు రెండో చరణం అయ్యాక జనం ఊగిపోతున్నారు, గాయకుడికి ఇంకో నాలుగుసార్లు పల్లవి అందుకోవాలనిపించింది అనుకోండి. గడియారం ఆగదు. తెర మీద తర్వాతి పాట బొమ్మలొచ్చేస్తాయి. పక్కనుంచి డాన్సర్లు పరుగెత్తుకొచ్చేస్తారు! కాబట్టి ఆయన నోరు కట్టేసుకుని ముందుకు వెళ్తాడు. కొత్త పాట చేర్చాలన్నా అంతే. నలభై మంది వాద్యకారులుంటే నలభై మందీ రిహార్సల్‌ చేయాలి, తెరకు బొమ్మలు తయారు కావాలి. పైగా రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ట్రాఫిక్‌లో చిక్కుకున్న జనం కోసమని కార్యక్రమం అరగంట ఆలస్యంగా మొదలుపెడితే, జాబితాలోంచి పాటలు తీసేయాలే తప్ప చేర్చే ప్రశ్న లేదు.

ఇవన్నీ ఒకెత్తు. అసలు కారణం మరొకటుంది. గచ్చిబౌలిలో కూర్చున్న శ్రోతకు అది మొదటి కచేరీ. ఆ బృందానికి పాతికోది కావచ్చు. 'పాతికసార్లు పాడి విసుగొచ్చింది, ఇవాళ వేరే బాణీలో పాడతా' అంటే మొదటిసారి వచ్చినవాడికి అన్యాయం చేసినట్టు కాదా? కాదనలేం.

సురభి చేసిన లెక్క

ఇప్పుడు లింగంపల్లి వైపు వద్దాం. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో ఓ పెళ్లి వేడుకకు 'కీచక వధ' ఆడారు. అలా మొదలైంది సురభి నాటక సమాజం. దానికి మూలపురుషుడు వనారస గోవిందరావు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే ఆ రోజుల్లో ఇంటి ఆడపడుచులనే రంగస్థలం ఎక్కించిన కుటుంబం అది. పిల్లలు పెరిగి, పెళ్లిళ్లయి, ఒక సమాజం అనేకం అయింది. ఒక దశలో యాభై వరకూ సమాజాలుండేవంటారు.

వాళ్లు ఒక ఊరొచ్చారంటే ఒక్క ఆటతో పోరు. హాలు వేసుకుని నెలల తరబడి ఉంటారు. చూసేదీ ఆ ఊరి జనమే, ఆ చుట్టుపక్కల పల్లెల జనమే. నిన్న మొదటి వరుసలో కూర్చున్న షావుకారే ఇవాళా వచ్చి కూర్చుంటాడు. వేసిందే వేస్తే మర్నాడు కుర్చీలే మిగులుతాయి. అందుకే ఇవాళ మాయాబజార్‌ అయితే రేపు బాలనాగమ్మ. ఎల్లుండి భక్తప్రహ్లాద. ఆపైన పాతాళభైరవి, లవకుశ, వీరబ్రహ్మంగారి చరిత్ర... పాలు తాగే వయసులోనే రంగస్థలం మీదికొచ్చిన పిల్లలు కాబట్టి ఒక్కొక్కరికి ఎన్నో నాటకాలు కంఠతా వచ్చేవి. ఇవాళ కృష్ణుడు, రేపు తెర లాగే మనిషి.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. వాళ్లు నాటకాన్ని మార్చేవారు కానీ నాటకంలోని మాయలను ఇష్టమొచ్చినట్టు మార్చేవారు కాదు. నారదుడు మబ్బుల్లోంచి దిగాలి. రెండు బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలాలి. ఘటోత్కచుడు ఉన్నట్టుండి ప్రత్యక్షం కావాలి. ఇవన్నీ తెర వెనక తీగలూ కప్పీలూ పట్టుకున్న మనుషుల పని. పద్యం ఒక్క చరణం ముందో వెనకో అయితే నారదుడు మబ్బుల్లోనే వేలాడతాడు! అంటే సురభివాళ్లకూ ఓ క్లిక్‌ ట్రాక్‌ ఉంది. కాకపోతే దానికి కళ్లూ చెవులూ ఉన్నాయి. రంగస్థలం మీద మేనత్త గుక్క తిప్పుకోవడం ఆలస్యమైతే తీగ పట్టుకున్న మేనల్లుడు ఆగేవాడు.

ఈ లెక్కన చూస్తే చిక్కుముడి విడిపోతుంది. మనుషులు మారుతుంటే ఆట మార్చక్కర్లేదు. మనుషులు వాళ్లే అయితే ఆట మార్చాలి. ఊరికి ఒక్క రాత్రి చొప్పున పాడే బృందం ఒకే జాబితాతో దేశమంతా తిరగడంలో తప్పేమీ లేదు. నిన్నమొన్నటి దాకా!

ఎందుకంటే ఇప్పుడు ఊళ్లన్నీ ఒకే ఊరైపోయాయి. శనివారం రాత్రి డాలస్‌లో పాడిన పాట ఆదివారం మధ్యాహ్నానికి హఫీజ్‌పేట్‌ అపార్ట్‌మెంట్‌లో అమ్మమ్మ ఫోనుకు వచ్చేస్తోంది. పంపింది అక్కడున్న మనవరాలే. ఏ పాట తర్వాత ఏ పాటో, గాయకుడు ఎక్కడ 'అప్పటికప్పుడు' కళ్లు తుడుచుకుంటాడో, ఏ జోకు వేస్తాడో... అన్నీ ముందే తెలిసి స్టేడియానికి వస్తున్నారు జనం. డాలస్‌లో వేసిన జోకే ఇక్కడా వేస్తే నవ్వు రాదు సరికదా, అక్కడి కన్నీళ్ల మీద కూడా అనుమానమొస్తుంది. సురభివాళ్లకు ఒక ఊళ్లో మకాం వేసినప్పుడు ఎదురైన ఇబ్బందే ఇది. కాకపోతే ఇప్పుడు మకాం ప్రపంచమంతా.

ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు

అమెరికన్లు ఈ సంగతి ముందే పట్టుకున్నారు. 1965 నుంచి 1995 దాకా పాడిన గ్రేట్‌ఫుల్‌ డెడ్‌ బృందం రెండు వేల పైచిలుకు కచేరీలు చేసింది. ఏ రాత్రి జాబితా ఆ రాత్రిదే. శ్రోతలు టేపు రికార్డర్లు తెచ్చుకుని రికార్డు చేసుకుంటామంటే వద్దనకపోగా, 1984 నుంచి వాళ్లకంటూ ప్రత్యేకంగా చోటిచ్చింది. ఒక్క ఊళ్లో విన్నవాడు ఇంకో ఊరికి కూడా వెంటపడి వచ్చాడంటే అందుకే. 2017లో ఫిష్‌ అనే బృందం న్యూయార్క్‌లోని మాడిసన్‌ స్క్వేర్‌ గార్డెన్‌లో వరసగా పదమూడు కచేరీలు చేసి ఒక్క పాట కూడా రెండోసారి పాడలేదు! మెటాలికా 2023లో మొదలుపెట్టిన యాత్రలో ఒకే నగరంలో రెండు రాత్రులు పాడితే రెండింటికీ వేర్వేరు పాటలని ముందే చెప్పి టిక్కెట్లు అమ్మింది. టేలర్‌ స్విఫ్ట్‌ది మధ్యేమార్గం. 2023, 2024 సంవత్సరాల్లో 149 కచేరీలు చేసిన ఈరాస్‌ టూర్‌లో గడియారానికి కట్టిన భారీ ప్రదర్శన చాలావరకు ఒక్కటే. చివర్లో మాత్రం గిటారో పియానోనో పట్టుకుని ఆ రాత్రికని ఎంచుకున్న పాటలు పాడేది. అవేంటో తెలుసుకోవడానికి ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా నిద్ర మానుకునేవారు.

అంతదూరం ఎందుకు? మన కురుక్షేత్రం నాటకాలు చూసినవాళ్లు ఇంకా ఇళ్లల్లో ఉన్నారు, అడగండి. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు'లో పద్యాలు చూసేవాళ్లందరికీ వచ్చు. కథ వచ్చు. చివరికి ఎవరు గెలుస్తారో కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేవారు. ఎందుకు? కాంట్రాక్టర్‌ ఒకే రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులను తెచ్చేవాడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పేర్లు. పద్యం మీద పట్టు చూపించడంలో ఎవరి దారి వారిది. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య... ఒకరు మాట విరుపుకి పేరు పడితే, ఇంకొకరు రాగానికి. జనం పద్యం వినడానికి రాలేదు. ఆ పద్యాన్ని ఈయన ఏం చేస్తాడో చూడటానికి వచ్చారు.

అతి కూడా జరిగింది. 'వన్స్‌మోర్‌' అంటే చాలు, యుద్ధం ఆగిపోయేది. చనిపోయిన పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చనిపోయిందని తెలుగునాట తరతరాలుగా చెప్పుకొనే జోకు. రాగాలు సాగి సాగి నాటకం చచ్చిపోతోందని పెద్దలు మొత్తుకున్నదీ నిజమే. మార్పు కోరేవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

రాసిందే వాయించాలి!

మార్చకూడదనే వాళ్ల పక్షాన బలమైన సాక్షి ఇళయరాజా. ఆయన వాద్యకారులకు స్వరాలు రాసిచ్చే మనిషి. ఎక్కడ ఏ వయొలిన్‌ ఎంతసేపు మోగాలో కాగితం మీద ఉంటుంది. వేదిక మీద ఎవరైనా తప్పితే, వేలమంది చూస్తుండగానే ఆపించి మళ్లీ మొదటి నుంచి వాయించమన్న సందర్భాలున్నాయి. 2023 ఫిబ్రవరిలో ఆయన గచ్చిబౌలిలో కచేరీ చేసినప్పుడు జనం వచ్చిందీ ఎనభైల నాటి ఆ స్వరాలు కళ్లముందు ప్రాణం పోసుకోవడం చూడటానికే. రేడియోలో, టేపురికార్డర్లో విన్న ఒక ఫ్లూట్‌ ముక్క ఎవరో మనిషి ఊపిరిలోంచి వస్తుంటే చూడటం... అక్కడ మార్పు ఎవరడిగారు?

అయితే ఇదే పాటలతో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చేసింది వేరు. బాణీ చెడకుండానే ఇక్కడో చిన్న సంగతి, అక్కడో నవ్వు, పక్కనున్న వాద్యకారుడి మీద ఓ చమత్కారం. వందలసార్లు పాడిన పాట ఆ పూటకు కొత్తగా అనిపించేది. అంతకుముందు ఘంటసాలకైతే మార్పు తప్పనిసరి కూడా. 1971లో ఆయన అమెరికా, ఇంగ్లండ్‌, జర్మనీల్లో కచేరీలు చేశారు. సినిమా ఆర్కెస్ట్రానంతా వెంట తీసుకెళ్లడం కుదిరే పనా? కొద్దిపాటి వాద్యాలతోనే పాడారు. 'రికార్డులో ఉన్న వయొలిన్లు ఏవీ' అని ఊరికి దూరంగా ఉన్న తెలుగువాళ్లు తగాదా పెట్టుకుని ఉంటారా? ఘంటసాల గొంతు ఎదురుగా ఉంటే చాలు.

కాబట్టి పేచీ మార్పుతో కాదు. ఏది మారింది, ఎందుకు మారిందన్న దానితో. తోచక మార్చినది వినేవాడికి తెలిసిపోతుంది.

ఎవరో మార్పిస్తే...

ఒక్కోసారి మార్పు పాడేవాళ్ల చేతిలో ఉండదు. 2017 మార్చిలో బాలు తన యాభై ఏళ్ల పాటల ప్రయాణాన్ని పురస్కరించుకుని అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దంటూ ఇళయరాజా తరఫున లీగల్‌ నోటీసు వెళ్లింది. బాలు ఆ పాటలు పక్కన పెట్టి, మిగతా పాటలతో యాత్ర కొనసాగిస్తామని ప్రకటించారు. ఇళయరాజా పాటలు లేని బాలు కచేరీ! అభిమానులు నొచ్చుకున్నారు. కానీ బాలు దగ్గర నలభై వేల పాటల మూట ఉందని పేరు కాబట్టి కార్యక్రమం ఆగలేదు. ఒకే జాబితా నేర్చుకుని బయల్దేరిన బృందమైతే ఇంటికి తిరుగు టపా కట్టాల్సిందే. తర్వాత 2019లో ఇద్దరూ చెన్నైలో ఒకే వేదిక మీద కనిపించారనుకోండి.

అదే 2017 జులైలో లండన్‌ వెంబ్లీలో ఏఆర్‌ రెహమాన్‌ కచేరీ. పేరే తమిళంలో ఉంది. అయినా హిందీ పాటలు తక్కువయ్యాయంటూ కొందరు మధ్యలో లేచి వెళ్లిపోయారు, డబ్బులు వెనక్కిమ్మన్నారు. హైదరాబాద్‌ ఐటీ కారిడార్‌లో పాడేవాళ్లు ఈ సంగతి మరచిపోకూడదు. ఇక్కడ ఒకే అపార్ట్‌మెంట్‌ లిఫ్టులో తెలుగు, హిందీ, తమిళం, ఒడియా, బెంగాలీ వినిపిస్తాయి. కొచ్చిలో కుదిరిన వరస ఇక్కడ కుదరాలని లేదు.

2024 నవంబరు 15న దిల్జిత్‌ దొసాంజ్‌ హైదరాబాద్‌ కచేరీకి ముందు, మద్యాన్నీ మత్తుమందులనూ పొగిడే పాటలు పాడొద్దని ప్రభుత్వ అధికారులు నోటీసిచ్చారు. ఆయన పాట మానలేదు. మందు ప్రస్తావన వచ్చేచోట 'కోక్‌' అని మాట మార్చి పాడేశాడు. జనం పడీపడీ నవ్వారు. ఆ రాత్రి ఆ పాట వేరే ఊళ్లో ఉన్నట్టు లేదు. నోటీసు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ ఆ కచేరీ గురించి జనం ఎక్కువగా చెప్పుకొన్నదేంటి? ఆ మార్చిన మాటలే!

'బిర్యానీ' ఒక్కటే తెలిస్తే ఎలా?

మార్పు పేరుతో చౌకగా తేల్చేసే పద్ధతొకటుంది. వేదికెక్కగానే 'హలో హైదరాబాద్‌... బాగున్నారా!' ఆ తర్వాత బిర్యానీ గురించి ఓ మాట. చార్మినార్‌ గురించి ఇంకో మాట. మిగతాదంతా పుణెలో పాడిందే. ఊరు పేరు ఒక్కటే మార్చి పంపే శుభలేఖలాంటిది ఇది. 2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే చేసింది దీనికంటే నయం. చేతి పట్టీలు వెలిగే గడియారం ప్రదర్శన వాళ్లది, పెద్దగా కదపడానికి లేదు. అయినా గణతంత్ర దినోత్సవమని తెలుసుకుని, 'వందేమాతరం', 'మా తుఝే సలాం' అందుకున్నారు. వచ్చీరాని ఉచ్చారణే. కానీ ఆ ఊరికోసం, ఆ రోజుకోసం కూర్చుని నేర్చుకున్నారన్న సంగతి తెలిసింది.

అడిగితే ఇంత అడగొచ్చు... వెన్నెముక అలాగే ఉంచండి. జనం చిన్నప్పటి నుంచీ మోస్తున్న పాటల బాణీ పాడుచేయకండి, ముఖ్యంగా అమ్మ ఎదురుచూసే ఆ ఒక్క పాటను. రెండు గంటల్లో ఓ పావుగంట మాత్రం క్లిక్‌ ట్రాక్‌ ఆపేయండి. తెర చీకటి చేయండి. హార్మోనియమో గిటారో పెట్టుకుని, ఈ ఊళ్లో ఎవరైనా అడిగిన పాట పాడండి. తబలా వాయించే మనిషికి ఓ రెండు నిమిషాలిచ్చి పేరు చెప్పండి. ఏళ్లకేళ్లు వెనక కూర్చుని వాయించేవాళ్లకు అందరూ చూసే క్షణం ఆ రెండు నిమిషాలే. దానికి రిహార్సల్‌ ఖర్చు లేదు. ఎల్‌ఈడీ తెర అద్దె కూడా పెరగదు. తప్పు పడితే పడుతుంది. డాలస్‌ వీడియోలో ఆ తప్పు ఉండదు కదా!

చిన్న బృందాలకు ఇది కొత్త కాదు. కొండాపూర్‌, గచ్చిబౌలి కేఫ్‌లలో వారాంతాల్లో గిటారు పట్టుకుని పాడే కుర్రాళ్ల పరిస్థితి అచ్చం సురభి మకామే. ఎదురుగా ఎప్పుడూ చూసే మొహాలే ఉంటాయి. పోయిన శనివారం పాడిన వరస ఈ శనివారం పాడితే కాఫీ చెప్పినవాళ్లు ఫోన్లలో మునిగిపోతారు. అందుకే వారం వారం కొత్త పాట నేర్చుకుంటారు, పాతదాన్ని వేగం తగ్గించి చూస్తారు, జానపదంలోకి డ్రమ్స్‌ తెస్తారు. తెలుగు జానపదాన్ని రెగ్గే దరువుతో కలిపిన చౌరస్తా బృందం పుట్టింది ఈ నగరంలోనే. కుర్రాళ్ల దగ్గర తెరలూ డాన్సర్లూ లేకపోవడం ఒక విధంగా వాళ్ల అదృష్టం. కాకపోతే పెద్ద మైదానానికి ఎదిగిన రోజున ఆ గడియారం వాళ్ల చెవుల్లోకీ వస్తుంది.

సురభికీ ఓ రోజు అలాంటి పరీక్షే వచ్చింది. సినిమా, తర్వాత టీవీ వచ్చి మకాములు కరిగిపోయాయి. యాభై సమాజాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 1937లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయన, 1990ల్లో కన్నడ రంగస్థల దిగ్గజం బీవీ కారంత్‌తో కలిసి పనిచేశారు. కొత్త నాటకాలు కట్టారు. అందులో 'బస్తీ దేవత యాదమ్మ'కు మూలం జర్మన్‌ రచయిత బ్రెక్ట్‌ నాటకం. కిరీటాలు తీసేసి బస్తీ మనుషుల బట్టలు కట్టడం సురభివాళ్లకు చిన్న సాహసమేం కాదు. బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో ఆయన కన్నుమూశారు. కొత్తవి ఎన్ని కట్టినా జనం సురభి అనగానే అడిగేది మాయాబజారే. వాళ్లూ కాదనకుండా ఆడుతూనే వచ్చారు, ఘటోత్కచుడి తీగలు ఎక్కడా తెగకుండా.